ఎర్రమల కొండల గరుసు దారిలో

మదరసాలకు వారపు సెలవు శుక్రవారం. గురువారం జుహ్ర్ నమాజుతో పాఠాలు ముగిసి, శనివారం ఫజ్ర్ అనంతరం తిరిగి ఆరంభమవుతాయి. ఉద్యోగస్తులకు శని, ఆదివారాలు ఎట్లాంటివో మాకు ఆ ఒకటిన్నర దినం అట్లాంటిది. గడచిన అక్టోబరు మాసంలో అటువంటి ఒక సెలవును మేము నంద్యాలకు పడమటా దక్షిణానా వ్యాపించి ఉన్న ఎర్రమల కొండల నడుమ మోటారు సైకిలు మీద గడిపాము. మేము అంటున్నామని పలువురమనుకోవద్దు. వాహనం మీద ఉన్నది ఒక్కరమే. వెనుక సీటుకు తాడుతో కట్టిన సంచి ఒకటి, కాలితో తొక్కే గాలి పంపు ఒకటి, అయిదు లీటర్ల నీటి డబ్బా ఒకటి మాకు తోడు.

ఈ ప్రయాణానికి ఒక పని నిమిత్తమైంది. మా వద్ద హిఫ్జ్ చేస్తున్న 13 ఏళ్ల బాలుడొకడు అర్ధసంవత్సర పరీక్షల సెలవులకు ఇంటికి వెళ్లి మూడు వారాలైనా తిరిగి రాలేదు. 11 పారాలు కంఠస్థం చేసినవాడు. మా బోధనాకాలంలో అంత నిలకడగా పాఠం అప్పజెప్పిన పిల్లలను వేళ్ల మీద లెక్కించవచ్చు. ఇంటి ఫోను పలకడం లేదు. వారి ఊరు అవుకు దాటిన తరువాత, నాపరాతి గనుల మధ్య ఉన్నది. బస్సు దిగిన క్రాసు నుండి ఊరికి ఆటోలు మనుషులు నిండితేనే కదులుతాయి, సాయంత్రమైతే అవీ ఉండవు. హిఫ్జ్ సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మూడు వారాలు వల్లె వేయని పిల్లవాడి స్మృతి నుండి పారాలు ఒకటొకటిగా జారిపోతాయి. మూడు నెలలైతే తిరిగి అలీఫ్ నుండి ఎక్కవలసినంత పని. ఊరి పేరు, పిల్లవాడి పేరు ఇక్కడ రాయడం లేదు. కారణం ముందు తెలుస్తుంది.

మా ఇంటావిడకు ఈ ప్రయాణం రుచించలేదు. 54 ఏళ్ల వయసు, ఒంట్లో చక్కెర వ్యాధి, పైగా ఒంటరిగా. రాత్రివేళ ఒంటరి ప్రయాణాన్ని గురించి హదీసులో వచ్చిన హెచ్చరికను మేము తరగతిలో ప్రతి ఏటా బోధిస్తాము గనుక ఆమె దానినే మా ముందుంచింది. ఆమె మాటలో న్యాయం ఉన్నది. మగ్రిబ్ అయిన పిమ్మట వాహనం కదల్చబోమని, ఎక్కడ ప్రొద్దుగుంకితే అక్కడే ఆగుతామని మాట ఇచ్చి, మందుల పొట్లం, రెండు బిస్కెట్టు ప్యాకెట్లు ఆమె కళ్లెదుటనే సంచిలో పెట్టుకున్నాము. తోడు వస్తానన్న సహోపాధ్యాయుడొకరు ఉండినారు. అయితే ఆ ఊరి గరుసు దారిలో ఇద్దరి బరువుతో మా వాహనం ఎక్కలేదని మెకానిక్కు ముందే తేల్చిచెప్పినాడు.

వాహనం హీరో హోండా స్ప్లెండర్. 97.2 సీసీ యంత్రం. నేటి యువకులు కొండలకూ లోయలకూ తీసుకెళ్లే బరువైన బండ్లతో పోలిస్తే ఇది మేకపిల్ల. మేకపిల్లకు ఉన్న సౌకర్యమే దీనికీ ఉన్నది: పడితే ఒక్కరమే లేపుకోగలము, ఏ పల్లెలోనైనా దీని విడిభాగం దొరుకుతుంది. టైర్లు మాత్రం సన్ననివి, ముందూ వెనుకా 2.75 అంగుళాలే. గరుసులో సన్నని టైరు కత్తిలా దిగబడుతుంది. మెకానిక్కు గొలుసుకు నూనె పట్టించి, రెండు టైర్లలోనూ కొద్దిగా గాలి తగ్గించి, ఒక కొత్త ట్యూబు, ప్యాచీలు, సొల్యూషన్ సీసా, టైరు విప్పే రెండు ఇనుప పట్టీలు మా చేతికిచ్చి చిన్న దర్సు ఇచ్చినాడు. గరుసు మీద ముందు బ్రేకు ముట్టుకోరాదు. హ్యాండిలును బిగించి పట్టరాదు, అది కాస్త ఊగితే ఊగనివ్వాలి. భయం వేసినప్పుడు యాక్సిలేటరు ఒక్కసారిగా వదలరాదు, బండి బరువు ముందు చక్రం మీద పడి అది మట్టిలో పాతుకుంటుంది. చూపు చక్రం ముందున్న రాతి మీద గాక ఇరవై గజాల అవతల ఉంచాలి. కన్ను ఎటు పోతే బండి అటు పోతుంది. ముప్పై ఏళ్లుగా పాఠం చెప్పేవారికి పాఠం వినడంలో ఒక సుఖం ఉన్నదని ఆ ఉదయం తెలిసింది. పైజామా అంచులను సైకిలు క్లిప్పులతో బిగించి, టోపీ మీద హెల్మెట్ పెట్టుకుని బయలుదేరిన మా వేషాన్ని చూసి గేటు వద్ద పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

నంద్యాల నుండి అవుకు ప్రాంతానికి కోవెలకుంట్ల మీదుగానూ వెళ్లవచ్చు. కానీ అది నల్లరేగడి సీమ. అక్టోబరులో శనగ విత్తనాలు వేసే వేళ వాన పడిందంటే అక్కడి మట్టి దారులలో చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య రేగడి పేరుకొని బండి నిలబడిపోతుంది. పుల్లతో గీకి తీయడం, పది గజాలు పోవడం, మళ్లీ గీకడం. అందుచేత పాణ్యం, బనగానపల్లె దారి పట్టాము. ఆ దారిలో ఇంకొక ఆకర్షణ కూడా ఉన్నది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ సీమలోని శిలలను పొరలు పొరలుగా గుర్తించి, ఆ పొరలకు ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టినారు. విలియం కింగ్ అనే సర్వే అధికారి కడప, కర్నూలు శిలలపై రాసిన గ్రంథం 1872లో వెలువడింది. కర్నూలు సముదాయంలో అన్నిటికన్నా అడుగున ఉన్నది బనగానపల్లె క్వార్ట్జైటు. దానిపై నార్జి సున్నపురాయి, దానిపై అవుకు షేలు, ఆపై పాణ్యం క్వార్ట్జైటు, ఆపై కోవెలకుంట్ల సున్నపురాయి, అన్నిటికీ పైన నంద్యాల షేలు. లోకంలో ఏ విశ్వవిద్యాలయంలో ఈ శిలలను గురించి చదివినా మన ఊళ్ల పేర్లే చదవాలి. మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పినప్పుడు బనగానపల్లె నుండి వచ్చిన పిల్లవాడు తమ ఊరే అందరి అడుగున ఉన్నందుకు చిన్నబుచ్చుకున్నాడు. పునాది అడుగునే ఉంటుంది గదా అని సముదాయించవలసి వచ్చింది. ప్రయాణికునికి ఈ జ్ఞానం వలన ఒక ఉపయోగం ఉన్నది. చక్రం కింది కంకర రంగు మారినప్పుడల్లా ఏ పొర మీద ఉన్నామో ఊహించవచ్చు, జారే నేలా, కోసే నేలా అన్నది కూడా కొంత తెలుస్తుంది.

పాణ్యం దాటాక కనిపించే కొండలకు శిఖరాలు ఉండవు. బల్లలా చదునైన తలలు. అది గట్టి పాణ్యం రాయి టోపీలా పైన నిలిచి, కింది మెత్తని పొరలు అరిగిపోయినందున ఏర్పడిన రూపం. బనగానపల్లెలో టీ తాగడానికి మాత్రమే ఆగాము. నవాబుల సంస్థానంగా ఉండి 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసిన పట్టణమిది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మామిడి వలన ఈ ఊరి పేరు దేశమంతటా వినబడుతుంది. ఇప్పుడు మామిడి కాలం కాదు గనుక గంపల నిండా సీతాఫలాలే. కొండల మీద తమంత తాము కాసేవి, చిన్నవైనా తీపి ఎక్కువ. వైద్యుడు వద్దన్న వస్తువు. ఒక పండు కొని సగం తిని సగం సంచిలో పెట్టుకున్నాము. అమ్మిన అవ్వ మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "యాడికి సాయిబూ?" అన్నది. ప్రక్కనే కూర్చున్న ఆమె మనుమడు "యాడికి కాదవ్వా, అవుకు పోతాండాడు" అని జవాబిచ్చినాడు. తాడిపత్రి దగ్గర యాడికి అనే ఊరు నిజంగానే ఉన్నది. ఈ సీమలో ఈ హాస్యం తరతరాలుగా చెలామణి అవుతున్నా ప్రతివారూ అది తామే మొదట కనిపెట్టినట్లు నవ్వుతారు.

అవుకు జలాశయం వద్దకు చేరేసరికి మూడున్నర అయింది. శ్రీశైలం నుండి పోతిరెడ్డిపాడు, గోరుకల్లు మీదుగా వచ్చిన కృష్ణా జలం ఇక్కడ 4.15 టీఎంసీల జలాశయంలో నిలిచి, గాలేరు–నగరి కాలువ గుండా గండికోట జలాశయానికి ప్రయాణం సాగిస్తుంది. నీటికి కొండ అడ్డం వస్తే సొరంగం తవ్వినారు. మనుషుల దారికి కొండ అడ్డం వస్తే మనుషులే చుట్టు తిరుగుతారు. కాలువ తవ్వినప్పుడు వెలువడిన మట్టినీ రాయినీ గట్టుగా పోసి, దానిపై గరుసు పరచిన దారి ఒకటి కొంతమేర కాలువ వెంట పోతుంది. తారు అక్కడితో సరి. మీటరులో అంకె చూసుకున్నాము. ఊరికి చేరేసరికి ఆ అంకె 14 కిలోమీటర్లు పెరిగింది.

మొదటి కిలోమీటరు భయంతోనే గడిచింది. గరుసు దారి మీద బండి తారు మీద నడిచినట్లు నడవదు, ఈదుతుంది. వెనుక చక్రం తనంతట తాను అటూ ఇటూ జరుగుతుంటుంది. లారీల చక్రాలు పోయిన చోట గట్టి గాళ్లు రెండు పడినాయి. వాటి మధ్య వదులు కంకర కుప్పగా చేరింది. ఒక గాడిలోకి దిగితే రెండవ గాడికి మారడం కష్టం. మారదలచినప్పుడు పాదపీఠాల మీద లేచి నిలబడి, మోకాళ్లతో పెట్రోలు ట్యాంకును పట్టుకుని, బండిని కింద ఆడనివ్వాలి. నిలబడినప్పుడు చిత్రంగా భయం తగ్గుతుంది. చుట్టూ చూడగలిగినాము కూడా. ఒక ప్రక్క కాలువలో బూడిద రంగు నీరు చడీచప్పుడు లేకుండా పోతున్నది. మరొక ప్రక్క రేగు పొదలు, సర్కారు తుమ్మ, వాటి వెనుక ఎర్రగా కాలిన కొండచరియ. తీగ మీద పాలపిట్ట ఒకటి మా చప్పుడుకు లేచి రెక్కల నీలం చూపించి తిరిగి అదే తీగ మీద వాలింది. అరగంట సేపు ఎదురుగా ఒక్క మనిషీ రాలేదు. అటువంటి ఏకాంతం పట్టణంలో ఎతికాఫ్ సమయంలో తప్ప మాకు దొరకదు. అయితే మస్జిదులో ఏకాంతం మనిషిని కూర్చోబెడుతుంది. ఇక్కడిది ప్రతి క్షణం కళ్లు తెరచి ఉండమంటుంది.

కాలువను వదిలి దారి గనుల వైపు తిరిగిన చోట కంకర రంగు మారింది. ఎరుపు పోయి నలుపూ బూడిదా కలిసిన రాతి ముక్కలు. నాపరాతి గనుల తుక్కునే దారిగా పోసినారు. ఈ రాయి పొరలుగా చీలుతుంది గనుక ముక్కల అంచులు పలుగుల్లా ఉంటాయి. మేము మరీ నెమ్మదించి, రాళ్ల మీద శ్రద్ధ పెట్టి పోతుంటే టైరును కోసింది మాత్రం రాయి కాదు. తుమ్మ ముల్లు. వెనుక చక్రం ఒక్కసారిగా బరువెక్కి ప్రక్కకు లాగింది. బండి ఆపి చూస్తే టైరు రిమ్ముకు అంటుకుపోయి ఉన్నది. సమయం నాలుగు దాటింది. మగ్రిబ్‌కు రెండు గంటలు లేదు. ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లు.

మొదట అస్ర్ నమాజు చేసుకున్నాము. గండికోట వరకు వెళ్లే సంకల్పంతో బయలుదేరినందున, మా మస్లక్‌లో చెప్పే సుమారు 78 కిలోమీటర్ల దూరం దాటుతుంది గనుక మేము ముసాఫిర్లము. నాలుగు రకాతులు రెండే. ఆ రెండు రకాతులలో మనసు టైరు మీదికి పోలేదని చెప్పలేము. సలాం తిప్పేసరికి గొర్రెల మంద ఒకటి మమ్మల్ని చుట్టుముట్టి ఉన్నది. కాపరి, అరవై దాటినవాడు, గొంగడి భుజాన వేసుకుని కర్ర మీద గడ్డం ఆనించి మా నమాజు ముగిసేదాకా మందను కదలనీయక నిలబడినాడు.

"ఒక్కనివే వచ్చినావా సామీ? ఈ దావన లారీలోల్లు తప్ప ఎవురూ రారే."

చక్రం ఊడదీయకుండానే, టైరు ఒక అంచును ఇనుప పట్టీలతో పైకెత్తి ట్యూబును బయటికి లాగడం మెకానిక్కు నేర్పినాడు. మా చేతులకు అది రాలేదు. కాపరి ఒక పట్టీని తన కాలితో తొక్కిపట్టుకున్న తరువాత వచ్చింది. అతని అన్నం గిన్నెలో మా డబ్బా నీరు పోసి, గాలి నింపిన ట్యూబును ముంచితే బుడగలు కనిపించినాయి. గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూసి ఆరనివ్వడం, ప్యాచీ అంటించి రాతితో కొట్టడం. తిరిగి ట్యూబు లోపలికి తోయబోతుంటే కాపరి మా చేయి పట్టి ఆపినాడు. టైరు లోపలి వైపు వేలితో తడిమి, విరిగి అక్కడే మిగిలిన ముల్లు మొనను గోళ్లతో పెరికి చూపించినాడు. దానిని వదిలి ఉంటే పది గజాలలో మళ్లీ అదే కథ. గొర్రెల గిట్టలలో ముళ్లు తీసే మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. గాలి కొట్టడం వంతులవారీగా సాగింది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు; మిగిలిన సగం సీతాఫలం తీసుకుని, ఆ ఊరి పేరు విని, "ఆ కాలు నలిగినాయప్ప ఇంటికా?" అన్నాడు. మేము వెళుతున్న ఇంటి సంగతి మాకు మొదట తెలిసింది ఆ ఆరు కిలోమీటర్ల ఇవతల, ఆ గొర్రెల మధ్యనే.

ఎండ కొండ వెనుకకు దిగుతుండగా ఊరు చేరాము. ఈ ఊళ్లను చూడనివారికి వాటిని వర్ణించాలి. గోడ నాపరాయి, కప్పు నాపరాయి, వాకిట్లో పరచినది నాపరాయి, పశువుల కొట్టం చుట్టూ కంచె కూడా నిలువుగా పాతిన నాపబండలే. సున్నం వేయని ఇళ్లు సాయంత్రం వెలుగులో నీలిబూడిద రంగులో ఉంటాయి. ఊరి మస్జిదు అన్నిటికన్నా చిన్న కట్టడం. ముస్లిం గడపలు ఎనిమిది, అందరూ దూదేకులవారు, తెలుగే ఇంటి భాష. మా విద్యార్థి మస్జిదు బయట తొట్టె వద్ద వుజూ చేసుకుంటున్నాడు. మోచేతుల దాకా తెల్లని రాతి పిండి. మమ్మల్ని చూసి లేవబోయి, చేతులు తడిగా ఉన్నందున ఏమి చేయాలో తెలియక అట్లాగే నిలబడిపోయినాడు. సలాం చెప్పి, ముందు వుజూ పూర్తి చేయమన్నాము.

నడివయసులో ఉన్న తండ్రి మంచం మీద ఉన్నాడు. రెండు నెలల క్రితం గనిలో బండ జారి కుడి పాదం నలిగింది. యజమాని మొదటి ఆసుపత్రి బిల్లు కట్టి, తరువాత ఫోను ఎత్తడం మానినాడట. ఫోనులో డబ్బు వేయించడం కూడా ఆగినందునే మాకు జవాబు లేకపోయింది. మేము ఏ దారిన వచ్చామని అతడు అడిగినాడు. కాలువ గట్టు దారిన అంటే తల ఊపి, "నన్ను గూడా ఆ దావనే తీసకపోయినారు హజ్రత్, బండలేసే ట్రాక్టరులో. గాడి వచ్చినప్పుడల్లా నాకు తెలివి వచ్చేది, గాడి దాటినాక పోయేది" అన్నాడు. మేము నిలబడి, పాలపిట్టను చూస్తూ, గంటన్నర పైగా సావకాశంగా దాటిన 14 కిలోమీటర్లు అవే. అంబులెన్సు తారు ముగిసిన చోటనే ఆగిందట. రాయిని మోసే లారీ వారానికి ఎన్నిసార్లు తిరిగినా చెడని దారి, మనిషిని మోసే బండికి మాత్రం పనికిరాలేదు. ప్రభుత్వం నీటికి కొండను తొలిచి దారి ఇచ్చిన చోట ఈ 14 కిలోమీటర్ల తారు పెద్ద కోరిక కాదని మా అభిప్రాయం.

పిల్లవాడు పాలిషింగ్ షెడ్డులో బండలు తుడిచి పేర్చే పనికి పోతున్నాడు. రోజుకు 350 రూపాయలు. ఇంట్లో వేరే సంపాదన లేదు. తల్లి పత్తి చేలకు పోయే రోజులు పోతుంది, లేని రోజులు లేదు. 14 ఏళ్ల లోపు పిల్లలను ఇటువంటి పనిలో పెట్టడాన్ని 2016లో సవరించిన చట్టం పూర్తిగా నిషేధించింది. గనుల పనికైతే 18 ఏళ్లు నిండాలి. ఆ మాట మేము చెప్పాము. తండ్రికి అది తెలుసు. షెడ్డువారికీ తెలుసు, అందుకే తనిఖీ వస్తుందన్న రోజున పిల్లలను రావద్దంటారట. చట్టం చెప్పి లేచి రావడం సులభం. ఆ ఇంట్లో పొయ్యి మీద ఉన్నదేమిటో చూసిన తరువాత లేవడం సులభం కాదు.

ఇషా నమాజుకు మమ్మల్ని ముందు నిలబెట్టినారు. ముసాఫిర్ ఇమాము రెండు రకాతులతో సలాం తిప్పితే స్థానికులు లేచి తమ మిగిలిన రెండు పూర్తి చేసుకోవాలి. ముందే చెప్పినా ఇద్దరు వృద్ధులు మాతో పాటే సలాం తిప్పి, తడబడి, నవ్వుకుని, లేచినారు. నమాజు తరువాత అందరూ అక్కడే కూర్చున్నారు. పిల్లవాడిని వల్లె వేయమన్నాము. మొదటి తొమ్మిది పారాలలో ఎక్కడ అడిగినా అందుకున్నాడు. పదవ పారాలో రెండు చోట్ల ఆగినాడు. పదకొండవది సగం పోయింది. పోయిన చోట వాడు కళ్లు మూసుకుని వేళ్లతో మోకాలి మీద తాళం వేస్తూ వెతుక్కుంటుంటే వినేవారిలో ఎవరూ కదలలేదు. ఎనిమిది గడపలలో ఖురాన్ ఇంతవరకు కంఠస్థం చేసినవాడు వీడొక్కడే.

ఆ తరువాత గంటసేపు లెక్కలు జరిగినాయి. ఎవరింట ఎన్ని బియ్యం, ఎవరు ఎంత ఇవ్వగలరు, పంచాయతీ కార్యదర్శిని ఎవరు కలవాలి, గని యజమాని నుండి రావలసిన నష్టపరిహారానికి కార్మిక శాఖలో అర్జీ ఎవరు రాయాలి. అర్జీ రాత మా వంతు వచ్చింది. తెల్లకాగితం మీద మూడు ప్రతులు రాసినాము. తండ్రి వేలిముద్ర వేయడానికి ఒప్పుకోక, వంకర అక్షరాలలో సంతకమే చేసినాడు. రెండు నెలల బియ్యం ఏడు గడపలవారు పంచుకున్నారు. అందుకు ప్రతిగా పిల్లవాడు షెడ్డు మానాలి, పగలు ఊరి ప్రభుత్వ పాఠశాలకు పోవాలి, ప్రతి రాత్రి ఇషా తరువాత పొరుగింటి ఫోను నుండి మాకు అర పారా వినిపించాలి. మదరసాకు ఎప్పుడు పంపుతావని మేము అడగకముందే తండ్రి అన్నాడు: "నా కాలు బూమ్మీద ఊనేదాంక వాన్ని అడగొద్దు హజ్రత్. ఊనినాక నేనే తోడుకొస్తా." తల్లి తలుపు వెనుక నుండి, "కాలు ఊనకపోతే?" అన్నది. దానికి ఎవరి వద్దా సమాధానం లేకపోయింది.

శుక్రవారం ఫజ్ర్ చేసుకుని గనుల మధ్య దారిలో బయలుదేరాము. పొద్దుటి చల్లదనంలో గని అంచున ఆగి చూస్తే మెట్లుమెట్లుగా దిగిన నల్లని గొయ్యి, ప్రతి మెట్టూ ఒక రాతి పొర. గడ్డపార మొనను పొరల సందున పెట్టి ఒత్తితే బండ రొట్టెలా విడివడుతుంది. పని తీరు చూడముచ్చటే. అడుగున నిలబడినవాని పాదాలకు రబ్బరు చెప్పులు తప్ప మరేమీ లేవు. ఇక్కడి గరుసు నిన్నటి దానికన్నా మెరుగ్గా సాగింది; బండి ఈదుతుంటే ఈదనివ్వడం మా చేతులకు అలవాటైంది.

బేలూం గుహలు కొలిమిగుండ్లకు సమీపంలోనే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని గురించి రాసినాడు; 1982, 1983 ప్రాంతంలో డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మను బృందం వచ్చి కొలతలు తీసింది. 3,229 మీటర్ల పొడవున నార్జి సున్నపురాతిని నీరు తొలిచిన మార్గాలివి. లోపల ఉక్క ఎక్కువని, మాకు సమయం తక్కువని వెలుపలి నుండే చూసి కదిలాము. కుటుంబంతో వెళ్లేవారు చలికాలపు ఉదయం వెళ్లడం మంచిది.

గండికోట మీదికి తొమ్మిదిన్నరకు చేరుకున్నాము. ఎర్రమల కొండలను పెన్నా నది నిలువుగా కోసుకుంటూ పోయిన గండి ఇది. అంచున ఎర్రని బండలు పెట్టెలు పేర్చినట్లు ఒకదానిపై ఒకటి. ఈ శిలకూ ఊరి పేరే, గండికోట క్వార్ట్జైటు. నిన్నటి నుండి మేము తొక్కిన కర్నూలు పొరలన్నిటికన్నా పురాతనమైనది. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన వయసు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకుల కోట. 17వ శతాబ్ది మధ్యలో గోల్కొండ వజీరు మీర్ జుమ్లా దీనిని గెలిచినాడు. ఇస్ఫహాను దగ్గరి అర్దిస్తానులో నూనె వర్తకుని కొడుకుగా పుట్టి, వజ్రాల వ్యాపారంతో ఎదిగి, ఈ కొండ మీద ఫిరంగులు పోత పోయించి, చివరకు మొగలుల తరఫున బెంగాలును పాలించి 1663లో మరణించిన మనిషి. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇక్కడికి వచ్చి అతన్ని కలిసినట్లు తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. జామియా మస్జిదు రెండు మీనార్లూ, ఎదురుగా మాధవరాయ ఆలయ గోపురమూ ఒకే చూపులో కనిపిస్తాయి. కోనేటి మెట్ల మీద ఒక కుటుంబం పులిహోర విప్పుకుని మమ్మల్నీ పిలిచింది. బాగున్నది. గండి అంచున మాత్రం రక్షణగా ఏమీ లేదు. చిన్నపిల్లలతో వెళ్లేవారు వారి చేయి వదలకూడదు.

మీర్ జుమ్లా సంపదను గురించి ఆలోచిస్తూ అంచున కూర్చున్నామని రాస్తే బాగుంటుందేమో. నిజానికి మేము ఆలోచించింది కార్మిక శాఖ కార్యాలయం శనివారం తెరిచి ఉంటుందా అని.

జమ్మలమడుగులో జుమా చేసుకుని, కోవెలకుంట్ల మీదుగా తారు దారినే తిరిగి వచ్చాము. వాన పడనందున నల్లరేగడి మమ్మల్ని వదిలిపెట్టింది; రెండు ప్రక్కలా గొర్రులతో శనగ విత్తుతున్నారు. తారు మీద మొదటి పది కిలోమీటర్లు చేతులు ఊరకే వణికినాయి, కుదుపు లేకపోవడం వాటికి కొత్త. మగ్రిబ్‌కు అరగంట ముందు ఇంటి ముందు బండి ఆపితే మా ఇంటావిడ మొదట గడియారం చూసి, తరువాత మమ్మల్ని చూసింది.

ఇది రాసే నాటికి 26 రాత్రులు గడిచినాయి. 21 రాత్రులు ఫోను వచ్చింది. పదవ పారా తిరిగి కుదురుకున్నది, పదకొండవది మూడు పాళ్లు. రాని అయిదు రాత్రులలో రెండు పొరుగింటివారు ఊళ్లో లేనివి. మిగిలిన మూడు రాత్రులు ఎందుకు రాలేదని అడిగితే పిల్లవాడు "పనుంది హజ్రత్" అన్నాడు. ఏ పని అని అడిగితే మాట్లాడలేదు. అర్జీకి కార్యాలయంవారు నంబరు వేసి ఇచ్చినారు. వచ్చే గురువారం జుహ్ర్ తరువాత తిరిగి బయలుదేరుతున్నాము. మెకానిక్కు ఈసారి వెనుక టైరు కొత్తది వేసినాడు.